క్వింటా పత్తి, ఎనభై చొక్కాలు
(భారత జౌళి పరిశ్రమ స్థితిగతులపై ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఒక లెక్కతో మొదలుపెడదాం. రైతు మార్కెట్ యార్డుకు క్వింటా పత్తి తెచ్చాడు. జిన్నింగ్ మిల్లులో ఆడిస్తే అందులో 33, 34 కిలోల దూది వస్తుంది. మిగిలింది గింజ, కొంచెం చెత్త. ఆ దూదిని దువ్వి 40 కౌంటు సన్నదనం ఉన్న కోంబ్డ్ నూలు తీస్తే, పొట్టి పింజ, దుమ్ము పోను 24 కిలోలు చేతికొస్తుంది. చొక్కా గుడ్డ చదరపు మీటరుకు 120 గ్రాములు తూగితే, కటింగు ముక్కలతో కలిపి ఒక చొక్కాకు 280, 290 గ్రాములు పడుతుంది. నేతలో, అద్దకంలో పోయే తరుగు తీసేస్తే క్వింటా పత్తికి అటూ ఇటూగా 80 చొక్కాలు.

2025-26 సీజనుకు పొడుగు పింజ పత్తి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు. గింజ విలువ కూడా అందులోనే ఉంది. అంటే ఒక్కో చొక్కాలో ఉన్న పత్తి ఖరీదు వంద రూపాయలు. ఆ చొక్కా దుకాణంలో వెయ్యికి అమ్ముడైతే, మిగతా తొమ్మిది వందలు నూలు వడికినవాడికి, నేసినవాడికి, అద్దినవాడికి, కుట్టినవాళ్లకు, అమ్మినవాడికి పోతాయి. మన దేశం ఆ మొదటి వంద రూపాయల పనిలోనూ, దాని పక్కనే ఉన్న నూలు పనిలోనూ గట్టిది. నేత, అద్దకం, కుట్టు దగ్గరికి వచ్చేసరికి చతికిలబడుతోంది. ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఇదే: మన పడుగు ఎక్కడ తెగుతోంది, ఎందుకు తెగుతోంది, ఎలా అతకాలి.

పరిశ్రమ ఎంత పెద్దదో ఒక్క మాటలో చెప్పుకుని ముందుకెళ్దాం. నేరుగా నాలుగున్నర కోట్ల మందికి పని ఇస్తోంది. వ్యవసాయం తర్వాత ఇదే. 2024-25లో నూలు, గుడ్డ, దుస్తులు, తివాచీలు అన్నీ కలిపి ఎగుమతి సుమారు 3,700 కోట్ల డాలర్లు. అందులో రెడీమేడ్ దుస్తులు దాదాపు 1,600 కోట్లు. అదే కాలంలో బంగ్లాదేశ్ ఒక్క దుస్తులే సుమారు 3,900 కోట్ల డాలర్లకు అమ్మింది. అక్కడ చెప్పుకోదగ్గ పత్తి పంట లేదు. మన నూలు పెద్ద ఎత్తున కొనేదీ వాళ్లే. మన పొలంలో పండి, మన మిల్లులో నూలై, పక్క దేశంలో చొక్కా అయి, మూడో దేశంలో అమ్ముడవుతోంది. ఆ మధ్యలో ఉన్న కూలి, లాభం మన చేతిలోంచి జారిపోతున్నాయి.

ముందు పొలం సంగతి చూద్దాం. పత్తి విస్తీర్ణంలో ప్రపంచంలో మనదే మొదటి స్థానం. దిగుబడి మాత్రం హెక్టారుకు 450 కిలోల దూది దాటడం లేదు. ప్రపంచ సగటు 800 దగ్గర ఉంది, బ్రెజిల్‌లో 1,800 పైమాటే. నీటి వసతి తేడా ఒక కారణం. మొక్కల లెక్క ఇంకో కారణం. 90 సెంటీమీటర్ల సాళ్లలో 60 సెంటీమీటర్లకొక మొక్క పెడితే ఎకరాకు ఏడున్నర వేల మొక్కలు పడతాయి. ఒక్కో చెట్టు గుబురుగా పెరిగి ఆరేడు నెలలు కాస్తూనే ఉంటుంది. మూడు నాలుగు సార్లు ఏరాలి, ప్రతిసారీ కూలి. అదే సాళ్లలో 15 సెంటీమీటర్లకొక మొక్క పెడితే ఎకరాకు 30 వేలు. చెట్టుకు ఏడెనిమిది కాయలు నిలిచినా చాలు, అవన్నీ ఇంచుమించు ఒకేసారి పగులుతాయి. అయితే దగ్గర సాగుకు తగ్గ విత్తనం కావాలి, ఎదుగుదలను అదుపు చేసే మందు వేళకు కొట్టాలి. మామూలు హైబ్రిడ్‌ను దగ్గరగా పెట్టి వదిలేస్తే గాలి ఆడక కాయ కుళ్లిపోతుంది. ఈ పద్ధతి మీద రైతుకు నమ్మకం పోవడానికి చాలాచోట్ల ఇదే కారణం.

పంట త్వరగా ముగించడంలో అసలు లాభం గులాబీ రంగు కాయతొలుచు పురుగు దగ్గర కనిపిస్తుంది. కాయ పురుగులను చంపే గుణం చొప్పించిన బీటీ పత్తి 2002లో, బీజీ-2 రకం 2006లో వచ్చాయి. 2015 నాటికే ఆ పురుగు బీజీ-2కు కూడా తట్టుకోవడం మొదలుపెట్టింది. పంటను జనవరి, ఫిబ్రవరి దాకా లాగితే దానికి తిండి పెట్టి పెంచినట్టే. లింగాకర్షక బుట్టలో వరుసగా మూడు రాత్రులు ఎనిమిదేసి రెక్కల పురుగులు పడితే మందు కొట్టాల్సిన సమయం వచ్చిందన్నమాట. జిన్నింగ్ మిల్లుల ఆవరణలో కూడా ఈ బుట్టలు పెట్టాలి. గింజలో దాక్కున్న పురుగు అక్కడే రెక్కలొచ్చి పక్క పొలాల్లోకి ఎగురుతుంది.

ఇంకో చిన్న విషయం, దాని నష్టం మాత్రం చిన్నది కాదు. రైతు పత్తిని యూరియా సంచిలో నింపుతాడు. సంచి అంచు పీచు ఒకటి దూదిలో కలుస్తుంది. జిన్నింగులో అది ముక్కలవుతుంది, నూలులో పేనుకుపోతుంది, నేతలో కనిపించదు. గుడ్డకు ముదురు నీలం రంగు అద్దాక అప్పుడు బయటపడుతుంది, తెల్లగా ఒక గీత. ప్లాస్టిక్ పీచుకు పత్తి రంగు పట్టదు కదా. ఆ గీత చొక్కా ముందు భాగంలో వస్తే ఆ చొక్కా తిరస్కరణకు పోతుంది. మన దూదికి ఈ చెడ్డపేరు ఉంది కాబట్టే, అదే పింజ పొడవున్న విదేశీ దూది కంటే తక్కువ ధర పలుకుతుంది. ఏరేవాళ్లకు నూలు గుడ్డ సంచులివ్వడం, యార్డులో సిమెంటు గచ్చు మీద పోయడం, తేమ 8 శాతం దగ్గర ఉంచడం, ఇవేవీ పెద్ద ఖర్చు పనులు కావు. 12 శాతం తేమ దాటితే భారత పత్తి సంస్థ కొనదు. తడి పత్తిని ఆడిస్తే పింజ ముడిపడి ఉండలు కడుతుంది.

స్పిన్నింగ్, అంటే నూలు వడకడం గురించి ఎక్కువసేపు చెప్పను, ఎందుకంటే అక్కడ మనం బాగానే ఉన్నాం. సుమారు ఐదు కోట్ల కదుర్లు ఉన్నాయి. గుంటూరు, చిలకలూరిపేట చుట్టుపక్కల మిల్లుల్లో యంత్రాలు ప్రపంచంలో ఎక్కడి మిల్లుకూ తీసిపోవు. 1999లో వచ్చిన సాంకేతిక ఉన్నతీకరణ నిధి పథకం కింద వడ్డీ రాయితీలు ఎక్కువగా స్పిన్నింగుకే వెళ్లాయి. బ్యాంకుకు అర్థమయ్యే పెద్ద ప్రాజెక్టు అదే మరి. పర్యవసానంగా దేశంలో నేసేవాళ్లకు కావలసిన దానికంటే ఎక్కువ నూలు తయారవుతోంది, విదేశీ కొనుగోలుదారు ఒకడు తగ్గితే మిల్లులు వారానికి రెండు రోజులు ఆపుకోవాల్సి వస్తోంది. 2025 ఏప్రిల్‌లో బంగ్లాదేశ్ భూమార్గం గుండా మన నూలు రాకుండా ఆపినప్పుడు ఈ బలహీనత తెలిసింది. నూలుకు ఇంట్లోనే గిరాకీ ఉండాలి. ఆ గిరాకీ నేత నుంచి రావాలి.

ఇప్పుడు నేత. ఇక్కడ కాస్త నిదానంగా వెళ్దాం.

మరమగ్గాలనే సిరిసిల్లలో సాంచెలంటారు. అక్కడ సాంచెలు, భివండీలో, మాలేగావ్‌లో, ఇచల్‌కరంజీలో మరమగ్గాలు. దేశంలో తయారయ్యే గుడ్డలో అధిక భాగం ఇలాంటి చిన్న షెడ్లలోనే నేస్తున్నారు. వీటిలో ఇప్పటికీ పేకను, అంటే అడ్డపోగును మోసే నాడె అటూ ఇటూ కొట్టుకునే పాత మగ్గాలే ఎక్కువ. నిమిషానికి 150 పేకలు. గుడ్డలో అంగుళానికి 60 పేకలు కావాలనుకోండి. ఆగకుండా నడిస్తే నిమిషానికి రెండున్నర అంగుళాలు. కండె మార్చడానికి, తెగిన పోగు అతకడానికి ఆగే సమయం తీస్తే రెండు అంగుళాలు. గంటకు మూడు మీటర్లు, 12 గంటల షిఫ్టులో 36 మీటర్లు. గాలితో పేక విసిరే ఎయిర్‌జెట్ మగ్గం నిమిషానికి 800 పేకలు వేస్తుంది. అదే గుడ్డ, అదే షిఫ్టులో, సుమారు 220 మీటర్లు. ఒక కార్మికుడు ఎనిమిది సాంచెలు చూసుకుంటే 290 మీటర్లు వస్తాయి, డజను ఎయిర్‌జెట్లు చూసుకునేవాడికి 2,600 మీటర్లు. సాంచె మీద నేసే మనిషి పన్నెండు గంటలు నిలబడి ఎంత ఒళ్లు వంచినా, ఈ తేడాను తన రెక్కలతో పూడ్చలేడు. అతని కూలి పెరగకపోవడానికి మగ్గాల యజమాని అయిన ఆసామి పిసినారితనం కంటే ఈ లెక్క పెద్ద కారణం.

వేగం ఒక్కటే అయితే ఏదోలా సర్దుకోవచ్చు. నాణ్యత సంగతి ఇంకా పెద్ద చిక్కు. ఎగుమతి కంపెనీ గుడ్డను వెలుగు బల్ల మీద పరిచి నాలుగు పాయింట్ల పద్ధతిలో చూస్తుంది. మూడు అంగుళాల లోపు లోపానికి ఒక పాయింటు, ఆరు అంగుళాల దాకా రెండు, తొమ్మిది దాకా మూడు, ఆపైన నాలుగు. నూరు చదరపు గజాలకు 40 పాయింట్లు దాటితే గుడ్డ వెనక్కి. చాలామంది కొనుగోలుదారులు 20కే గీత గీస్తారు. నాడె మగ్గం ఆగి మళ్లీ మొదలైన ప్రతిచోటా అడ్డంగా ఒక మచ్చ పడుతుంది. గంజి సరిగ్గా పట్టని పడుగైతే గంటకు పదిసార్లు తెగుతుంది, పది మచ్చలు. పైగా పాత మగ్గంలో గుడ్డ వెడల్పు 44, 48 అంగుళాలే. కటింగులో 58 అంగుళాల గుడ్డ మీద భాగాలు బిగువుగా పేర్చవచ్చు, ఇరుకు గుడ్డ మీద ముక్కలు వృథా అవుతాయి.

ఈ స్థితి ఎలా వచ్చింది? 1982 జనవరి 18న బొంబాయిలో రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. ఆ తర్వాత చాలా మిల్లులు మళ్లీ తెరుచుకోలేదు. అంతకు ముందు నుంచే ప్రభుత్వ విధానం పెద్ద మిల్లులను నేతలో పెరగనివ్వలేదు, పన్నులు చిన్న షెడ్లకు అనుకూలంగా ఉండేవి. పనిని ఎంత ముక్కలు చేస్తే అంత తక్కువ పన్ను, అంత తక్కువ తనిఖీ. నాలుగు మగ్గాలున్నవాడు ఎనిమిదికి వెళ్లాడు గానీ, కొత్త రకం మగ్గానికి వెళ్లలేదు. సిరిసిల్లకు 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డరు వచ్చింది. ఆకలి తీర్చింది, అది కాదనలేని మేలు. కానీ ప్రభుత్వం ఒక్కటే కొనుగోలుదారుగా ఉన్నచోట, ఆర్డరు ఆగిన నెల సాంచెలు కూడా ఆగుతాయి. ఆ డబ్బులో కొంత భాగమైనా నాడె లేని ర్యాపియర్ మగ్గాలకు, పడుగుకు గంజి పట్టించే ఒక మంచి సైజింగ్ యూనిట్‌కు ముడిపెట్టి ఉండాల్సింది. పది మంది ఆసాములు కలిసి 24 ర్యాపియర్లు పెట్టుకుంటే, వాటి ముందు నడవాల్సింది భీములను, అంటే పడుగు చుట్టిన దూలాలను సరిగ్గా తయారుచేసే సైజింగ్. మంచి మగ్గానికి చెడ్డ భీము ఎక్కిస్తే ఆ పెట్టుబడి అంతా పోగులు అతకడంలోనే పోతుంది.

అద్దకం దగ్గర సమస్య రంగు కంటే ఉప్పుది. పత్తికి వాడే రియాక్టివ్ రంగులు నీళ్లలో ఉండటానికే ఇష్టపడతాయి, వాటిని పోగు వైపు నెట్టడానికి ఉప్పు కావాలి. ముదురు రంగుకు లీటరుకు 60 గ్రాములు. కిలో గుడ్డకు ఎనిమిది లీటర్ల తొట్టి పెడితే 480 గ్రాములు. కిలో గుడ్డ అద్దడానికి అర కిలో ఉప్పు! అదంతా నీళ్లలోనే ఉండిపోతుంది. రంగులో కూడా నాలుగో వంతో, మూడో వంతో పోగుకు పట్టకుండా నీళ్లపాలవుతుంది. దాన్ని వదిలించడానికి ఐదారు కడుగుళ్లు. సూక్ష్మజీవుల తొట్టెలు రంగును కొంత తింటాయి గానీ ఉప్పును తినలేవు. తిరుప్పూరులో ఆ నీళ్లు ఏళ్ల తరబడి నొయ్యల్ నదిలో కలిశాయి. సాగు కోసం కట్టిన ఒరత్తుపాళయం ఆనకట్ట రంగు నీళ్ల చెరువైంది, దిగువ రైతుల భూములు చవుడు తేలాయి. 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు ఆదేశంతో ఏడు వందలకు పైగా అద్దకం యూనిట్లు మూతపడ్డాయి.

తర్వాత తిరుప్పూరు చేసిన పని దేశమంతా చూసి నేర్చుకోవాలి. మురుగును శుద్ధి చేసి, వడపోసి, ఆర్‌వో పొరల గుండా పంపి నూటికి 80, 85 పాళ్ల నీటిని తిరిగి తొట్లకే తెస్తారు. మిగిలిన చిక్కటి ఉప్పునీటిని ఆవిరి యంత్రాల్లో మరిగించి ఉప్పును వేరు చేసి మళ్లీ అద్దకానికి వాడతారు. చుక్క కూడా బయటికి పోదు. ఇందులో ఖర్చు ఎక్కువగా ఆ చివరి 15, 20 పాళ్ల దగ్గరే ఉంది, ఆ ఆవిరి యంత్రాల దగ్గర. వాటికి కావలసింది బొగ్గో, కట్టెలో, కరెంటో. అందుకే ఉప్పును తగ్గించే పద్ధతి ముందు వెతకాలి. నేత గుడ్డకు ఒక దారి ఉంది, కోల్డ్ ప్యాడ్ బ్యాచ్. రంగు, క్షారం కలిపిన ద్రావణంలో గుడ్డను ముంచి, రోలర్ల మధ్య పిండి, చుట్ట చుట్టి, ప్లాస్టిక్ కప్పి 12 నుంచి 16 గంటలు నిదానంగా తిప్పుతూ ఉంచుతారు. ఉప్పు అక్కర్లేదు, వేడీ అక్కర్లేదు. ఇందులో తప్పు జరిగేది రోలరు దగ్గర. నడుమ ఒత్తిడి ఒకలా, అంచున ఒకలా ఉంటే గుడ్డ మధ్యలో ఒక ఛాయ, అంచుల్లో మరో ఛాయ వస్తుంది. ఆ గుడ్డతో కుట్టిన చొక్కాలో చెయ్యి ఒక రంగు, ఒళ్లు ఒక రంగు.

ఇక్కడే గుడ్డను ముందే కుంచింపజేయాలి. ఆ పని వదిలేస్తే 72 సెంటీమీటర్ల చొక్కా మొదటి ఉతుకులో మూడు శాతం కుంచించుకుని రెండు సెంటీమీటర్లకు పైగా పొట్టి అవుతుంది. కుట్టు ఎంత బాగున్నా కొన్నవాడు రెండోసారి రాడు.

ఇక కుట్టు. మిగతా ఏ దశలో కంటే ఎక్కువ ఉద్యోగాలు, అందులోనూ ఆడవాళ్లకు, ఇక్కడే ఉన్నాయి. 40 మిషన్ల లైను తీసుకుందాం. చొక్కా కుట్టడానికి మొత్తం 20 నిమిషాల పని, 480 నిమిషాల షిఫ్టు. లోపం లేకుండా నడిస్తే 960 చొక్కాలు రావాలి. 50 శాతం సామర్థ్యంతో 480 వస్తాయి, 65 శాతానికి చేరితే 624. అదే షెడ్డు, అదే జీతాలు, రోజుకు 144 చొక్కాలు ఎక్కువ. ఈ 144 దగ్గరే పోటీ తేలిపోతుంది. సామర్థ్యం ఎక్కడ పోతోంది? 20 నిమిషాల పనిని 40 మందికి పంచితే మనిషికి 30 సెకన్లు. కాలరు అతికించే చోట 45 సెకన్లు పడితే లైను మొత్తం 45 సెకన్ల వేగంతోనే నడుస్తుంది, 960 కాస్తా 640 అవుతుంది. అక్కడ రెండో మిషను వేయాలి, కఫ్ దగ్గర ఖాళీగా ఉండే అమ్మాయికి కాలరు పని కూడా నేర్పాలి. సూపర్‌వైజరు చేతిలో గడియారం పట్టుకుని రోజుకు రెండుసార్లు లైనంతా తిరగాలి. కేకలు వేస్తే చొక్కాలు పెరగవు.

మన ఫ్యాక్టరీలు చిన్నవి ఎందుకంటే, చాలాకాలం చట్టమే అలా ఉంచింది. రెడీమేడ్ దుస్తులు చిన్న పరిశ్రమలకే రిజర్వు. 2000 జాతీయ జౌళి విధానంతో ఆ నిబంధన పోయింది, అల్లిక దుస్తులకు 2005 దాకా ఉంది. ఈలోగా బంగ్లాదేశ్ 1980 ప్రాంతంలో కొరియాకు 130 మందిని శిక్షణకు పంపి, గుడ్డను సుంకం కట్టకుండా దిగుమతి చేసి ఉంచుకునే బాండెడ్ గోదాములు, ఆర్డరు పత్రం మీదే గుడ్డ కొనుగోలుకు అప్పు ఏర్పాటు చేసుకుని పెద్ద ఫ్యాక్టరీలు కట్టుకుంది. 2005 జనవరి 1న ప్రపంచ వాణిజ్యంలో జౌళి, దుస్తుల కోటాలు ఎత్తేసేనాటికి వాళ్లు సిద్ధంగా ఉన్నారు, మనం ఇంకా షెడ్లు లెక్కపెట్టుకుంటున్నాం.

ఇంకో లోటు సీజను. మన ఎగుమతి ఎక్కువగా వేసవి నూలు దుస్తులు. ఆ ఆర్డర్లు శీతాకాలంలో నిండుగా ఉంటాయి, తర్వాత నెలల్లో లైన్లు ఖాళీ. ఖాళీ నెలల్లో మానేసిన అమ్మాయి మళ్లీ రాదు, కొత్త మనిషికి మళ్లీ మొదటి నుంచి శిక్షణ. ఏడాది పొడవునా పని ఉండాలంటే చలికోట్లు, ఆటల దుస్తులు కుట్టాలి, వాటికి పాలిస్టర్ కావాలి. 2023లో ప్రపంచం తయారుచేసిన 12.4 కోట్ల టన్నుల పోగులో పాలిస్టర్ 57 శాతం, పత్తి అయిదో వంతు. మన దగ్గర పత్తి వాటా అంతకంటే చాలా ఎక్కువ. ఇందుకు మన పన్నులు కూడా తోడయ్యాయి. కృత్రిమ పోగు మీద 18 శాతం, నూలు మీద 12, గుడ్డ మీద 5 శాతం జీఎస్టీ ఉండేది. మొదట్లో ఎక్కువ కట్టి, చివర్లో తక్కువ వసూలు చేసి, తేడా కోసం రీఫండు చుట్టూ తిరగాల్సి వచ్చేది. 2025 సెప్టెంబరు 22 నుంచి పోగు, నూలు కూడా 5 శాతానికి వచ్చాయి. పాలిస్టర్, విస్కోస్ మీద ఉన్న నాణ్యత నియంత్రణ ఉత్తర్వులను అదే ఏడాది నవంబరులో ఉపసంహరించారు. ఈ రెండూ ఆలస్యంగా జరిగిన మంచి పనులు. 2021లో 10,683 కోట్లతో ప్రకటించిన ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహక పథకం మాత్రం మొదట కనీస పెట్టుబడి వంద కోట్లు, మూడు వందల కోట్లు అని గీత గీసింది. వంద మిషన్ల నుంచి అయిదు వందలకు ఎదగాలనుకునే మధ్య తరహా ఫ్యాక్టరీ ఆ గీత కిందే ఉండిపోయింది.

బయటి మార్కెట్ల సంగతి. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా 50 శాతం అదనపు సుంకం వేసినప్పుడు, ఉత్పత్తిలో సగం ఆ ఒక్క దేశానికే పంపే ఫ్యాక్టరీలు ఎంత ఇబ్బంది పడ్డాయో చూశాం. 2025 జులై 24న బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందం మన దుస్తుల మీద పది, పన్నెండు శాతం సుంకాన్ని తీసేస్తుంది. బంగ్లాదేశ్ అతి వెనుకబడిన దేశాల జాబితా నుంచి 2026 నవంబరు 24న బయటికి రావాలని నిర్ణయమైంది, దాంతో కొన్నేళ్లలో దాని సుంకం మినహాయింపులు తగ్గుతాయి. అవకాశం ఉంది. అయితే పది శాతం సుంకం తగ్గినా, సరుకు మూడు వారాలు ఆలస్యమై విమానంలో పంపితే ఆ లాభం ఒక్క రవాణాలోనే కరిగిపోతుంది. ఆలస్యం ఎక్కడ? గుంటూరులో నూలు, ఇచల్‌కరంజీలో నేత, అహ్మదాబాదులో అద్దకం, బెంగళూరులో కుట్టు. లారీల మీదే గుడ్డ వారాలు గడుపుతోంది.

చేనేత గురించి అడుగుతారని తెలుసు. 2019-20 గణనలో 35.22 లక్షల మంది చేనేత కార్మికులు, నూటికి 72 మంది ఆడవాళ్లు. చేనేతను మీటర్ల లెక్కలో మరమగ్గంతో పోటీకి దింపడం అన్యాయం. దాని శత్రువు వేరే. పోచంపల్లి చిటికి, అంటే ఇక్కత్ డిజైనును మామూలు గుడ్డ మీద ప్రింటు కొట్టి అదే పేరుతో అమ్మే వ్యాపారం. చీర తిరగేసి చూడండి. చిటికిలో నూలుకే ముందు రంగు అద్ది నేస్తారు కాబట్టి రెండు వైపులా రంగు ఒకే చిక్కదనంతో ఉంటుంది, డిజైను అంచులు ఈకలా కొద్దిగా చెదిరి ఉంటాయి. ప్రింటులో వెనక పాలిపోతుంది. పోచంపల్లికి భౌగోళిక గుర్తింపు ఉంది, దాన్ని దుకాణాల్లో తనిఖీ చేసేవాళ్లే కరువు.

చివరగా పార్కులు. కేంద్రం జౌళి పార్కుల పథకం పీఎం మిత్ర కింద 4,445 కోట్లతో ఏడు పార్కులు, అందులో ఒకటి వరంగల్‌లో. చుట్టూ పత్తి పొలాలున్న చోట నూలు, నేత, అద్దకం, కుట్టు ఒకే ఆవరణలో ఉంటే ఆ లారీ వారాలు మిగులుతాయి. కానీ వరుస ముఖ్యం. కుట్టు షెడ్డు కొన్ని నెలల్లో లేస్తుంది, రిబ్బను కత్తిరించడానికి కూడా బాగుంటుంది. దానికి గుడ్డ మాత్రం మళ్లీ అహ్మదాబాదు నుంచే రావాలి, ఎందుకంటే అద్దకానికి కావలసిన శుద్ధి కేంద్రం, ఆవిరి యంత్రాలు, ఉప్పు నిల్వ ఇంకా కాగితం మీదే ఉంటాయి. మొదటి ఇటుక అక్కడ పడాలి. ఆ పక్కనే ఆడవాళ్ల హాస్టలు కట్టాలి, గేటు నుంచి నడిచి వెళ్లేంత దూరంలో, రాత్రి దీపాలున్న దారితో. ముప్పై కిలోమీటర్ల బస్సు ప్రయాణం చేసి వచ్చిన అమ్మాయి లైను మీద కూర్చునేసరికే అలసిపోయి ఉంటుంది, వాన పడిన రోజు అసలు రాదు. ఆ రోజు కాలరు మిషను ఖాళీగా ఉంటుంది.